చాలన్నాక ఒక గరిటె

మా ఇంట్లో ఆ ఆదివారం గొడవ డెబ్బై నాలుగు గ్రాముల అన్నం గురించి వచ్చింది.

అశ్రిత తినడం ముగిసి "చాలవ్వా" అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. మా అత్తమ్మ లక్ష్మమ్మ ఆ చేతి కింద ఉన్న సందులోంచి ఇంకో గరిటె అన్నం నేర్పుగా జారవిడిచారు. అది ఆమెకు యాభై ఏళ్ల అలవాటు. మామూలుగా అయితే పిల్ల గొణుక్కుంటూ తినేస్తుంది, లేదా అవ్వ అటు తిరగగానే వాళ్ల బాపు కంచంలోకి తోసేస్తుంది. ఆ రోజు మాత్రం లేచి వంటింట్లోకి పోయి, నేను మిఠాయిలకు పిండి తూచుకునే చిన్న కాంటా తెచ్చింది. ఆ అన్నాన్ని ఒక గిన్నెలోకి తీసి తూచి, అంకె పైకి చదివి, ఫోన్లో రాసుకుంది.

అత్తమ్మ మొహం ఎర్రబడింది. "నా చేతి బువ్వను కాంటా మీద పెడ్తవానె? నేనేమన్న అమ్మనీకి తెచ్చిన్నా?"

"నిన్ను ఏమనలే అవ్వా. మిగిలినదాన్ని తూచిన."

"నువ్వు తినకపోతె మిగిలింది."

"చాలన్నంక పెడితే మిగిలింది."

మా ఆయన జనార్ధన్‌కు ఎవరి పక్షం వహించాలో తెలియనప్పుడు పెరుగు అడిగే అలవాటు ఉంది. పెరుగు అడిగారు. నేను పెరుగు తెచ్చేలోపల మాటలు ఎక్కడికో పోయాయి. ఒక కిలో బియ్యం పండాలంటే వేల లీటర్ల నీళ్లు కావాలని అశ్రిత చెప్పింది. మోకాలి లోతు బురదలో నాట్లేసినదానికి నీళ్ల లెక్క చెప్పేటంత పెద్దదైందా ఈ పిల్ల అని అత్తమ్మ నన్నడిగారు. ఆ కాంటా వంటింట్లో ఉన్నన్నాళ్లు ఆ పిల్లకు తాను వడ్డించనని ప్రకటించారు. మంచిదే, నా చేత్తో నేను పెట్టుకుంటానని అశ్రిత అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు. ఒకే గదిలో కూర్చుని, ఒకరితో చెప్పాల్సింది నాతో చెప్పేవారు.

అశ్రిత కాంటా పట్టుకుని తిరగడానికి కారణం ఇంట్లో లేదు, దాని కాలేజీలో ఉంది. మాది బౌరంపేట్. అది దుండిగల్ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మూడో సంవత్సరం చదువుతోంది. అక్కడి మెస్‌లో రోజూ మధ్యాహ్నం ఆరు వందల ఇరవై మంది తింటారు. పళ్లేల్లో మిగిలింది నీలం డ్రమ్ముల్లో పడుతుంది. ఆ డ్రమ్ములను ట్రాక్టర్ మీద వేసుకుని ప్రహరీ వెనుక పాత బండ క్వారీ గుంతలో ఒంపేవారు. ఎన్నేళ్లుగా ఒంపుతున్నారో తెలియదు గానీ, మొన్న వానాకాలంలో ఆ గుంత పొంగి, కుళ్లిన అన్నం, సాంబారు కలిసిన నీళ్లు దిగువనున్న కుంటలోకి దిగాయి. కింది ఊరివాళ్లు గేటు ముందుకొచ్చి కూర్చున్నారు. వాళ్లు కూర్చున్న మూడో రోజున కాలేజీవాళ్లకు ఒక ఉపాయం తోచింది. వంటశాల మూసేసి, బయటి నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో భోజనం తెప్పించడం.

అశ్రితా, దాని స్నేహితురాలు వర్షా మరికొందరిని కూడగట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి పోయారు. రోజుకు ఆరు వందల ఇరవై డబ్బాలంటే ఇంకో గుంత కావాలి కదా అన్నారు. వంటశాలలో పనిచేసే పన్నెండు మంది ఆడవాళ్లు ఎక్కడికి పోవాలన్నారు. అప్పటికి రోజుకు సగటున తొంభై రెండు కిలోలు డ్రమ్ముల్లో పడుతోంది. మూడు వారాలు గడువిస్తే దాన్ని సగానికి తెస్తామని మా పిల్ల మాట ఇచ్చింది. సరేనన్నారు. మూడో వారం శుక్రవారం నాడు కాలేజీవాళ్లే తూస్తారు. నలభై ఆరు కిలోలు దాటితే వంటశాలకు తాళం.

ఆ మాట రిజిస్ట్రారు గదిలో ఇచ్చి ఊరుకుంటే ఇంత బరువయ్యేది కాదేమో. తిన్నగా వంటశాలకు పోయి, ఆ పన్నెండు మందికీ అదే మాట చెప్పి వచ్చింది. వాళ్లలో సాలమ్మ అనే ఆమె దీని తల మీద చెయ్యి పెట్టిందట.

మొదటి వారం గోడ కాగితాలు అంటించారు. వర్ష బొమ్మలు బాగా వేస్తుంది. మెతుకు కన్నీళ్లు పెట్టుకున్నట్టు, భూగోళం నాలుక బయటపెట్టినట్టు వేసింది. తొంభై రెండు తొంభై అయింది. అప్పుడు వరి బదులు తక్కువ నీళ్లతో పండేది పెడదామని, కొర్ర బిర్యానీ చేయించారు. ఆ రోజు నూట ముప్పై ఒకటి. సాయంత్రం పిల్ల సంచీ విసిరేసి ఆ అంకె చెప్పినప్పుడు, కొర్రలు ఎన్ని గంటలు నానబెట్టారని అడిగాను. నానబెట్టాలా అంది.

రెండో వారం డ్రమ్ము పక్కన ఒక రిజిస్టరు పట్టుకుని నిలబడ్డారు. పారేసేవాళ్లు పేరు, రోల్ నంబరు రాసి పారేయాలి. అంకె ఒక్కసారిగా పడిపోయింది. గురువారానికి యాభై ఎనిమిది. ఆ సాయంత్రం ఐస్‌క్రీము తెచ్చుకుని తిన్నారు. నాకొకటి మిగిల్చింది, వాళ్ల అవ్వకొకటి నా చేత పంపింది. అత్తమ్మ తిన్నారు గానీ ఎవరు తెచ్చారని అడగలేదు.

శుక్రవారం తోటమాలి వచ్చి, వరండాలోని పూలకుండీలన్నిటికీ చీమలు పట్టాయని ఫిర్యాదు చేశాడు. తవ్వి చూస్తే గన్నేరు మొక్కల మొదట్లో పులిహోర ఉంది. మందారం కింద బెండకాయ వేపుడు. కిటికీ గట్టు మీద టిష్యూ కాగితాల్లో చుట్టిన ఇడ్లీలు వరుసగా ఉన్నాయి. ఆరు వందల మంది చదువుకున్న పిల్లలు తప్పు ఒప్పుకోవడానికి సిగ్గుపడి అన్నాన్ని పూడ్చిపెట్టారు. రిజిస్టరు ఎత్తేశారు. సోమవారం మళ్లీ తొంభై నాలుగు.

మంగళవారం సాయంత్రం అశ్రిత బాల్కనీలో కూర్చుని దుండిగల్ వైపు దిగుతున్న శిక్షణ విమానాలు లెక్కపెడుతోంది. చిన్నప్పటి నుంచీ దానికి మనసు బాగాలేకపోతే అదే పని. మరునాడు మధ్యాహ్నం వాళ్లందరికీ పరీక్ష ఉందనీ, తూకం రాయడానికి మనిషి లేదనీ చెప్పింది. రాయకపోతే ఏం పోతుంది అని కూడా అంది. అది నాకు నచ్చలేదు. పని చెడినా సరే, లెక్క మధ్యలో వదిలేయకూడదు. నేనొచ్చి రాస్తానన్నాను. లోపలి గదిలోంచి అత్తమ్మ, బువ్వ పారబోసే మొహాలు ఎట్లుంటాయో చూడ్డానికి తానూ వస్తానని గోడతో చెప్పారు.

మేమిద్దరం షేర్ ఆటోలో పోయాం. అత్తమ్మ కొత్త చీర కట్టారు. గేటు దగ్గర వర్ష మాకోసం ఎదురుచూస్తోంది. పుస్తకం, పెన్ను, తూకం యంత్రం అప్పగించి పరీక్షకు పరిగెత్తింది.

మొదట పావుగంట నేను ఇంట్లో మాట ఇచ్చినట్టే తూకం రాయడానికి డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. పిల్లలు వచ్చి పళ్లెం వంచి పోతున్నారు. వంచేటప్పుడు అటువైపు చూడరు. నేను చూశాను. పప్పు కొంచెం, కూర కొంచెం, పడుతున్నదంతా దాదాపు అన్నమే. అదీ కలిపిన అన్నం కాదు. కూర అంటని తెల్లన్నం. ఒక పళ్లెంలో అయితే గరిటె వంపు కూడా చెదరకుండా, అచ్చు పోసినట్టు ఉంది. తిని వదిలేసిన అన్నం అట్లా ఉండదు. తినడం మొదలుపెట్టని అన్నమే అట్లా ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఎంగిలి కంచాలు ఎత్తుతున్నదాన్ని, నాకు ఆ తేడా ఒకరు చెప్పనక్కరలేదు.

డ్రమ్ము దగ్గర ఒక మెస్ మనిషిని నిలబెట్టి, నేను వడ్డించే వైపు పోయాను.

అన్నం దగ్గర సాలమ్మ ఉంది. యాభై దాటిన మనిషి, తలకు గుడ్డ టోపీ, మణికట్టు దాకా బలమైన చెయ్యి. పిల్లలు వరుసలో వస్తున్నారు. ఆమె ఒక గరిటె పెట్టింది, రెండో గరిటె పెట్టింది. పిల్లవాడు చాలు ఆంటీ అన్నాడు. ఆమె మూడోది పెట్టింది. తరువాతి పిల్లకూ అదే. నేను పుస్తకం వెనుక పేజీలో గీతలు గీయడం మొదలుపెట్టాను. నలభై పళ్లేలకు గీశాను. చాలన్నవాళ్లు ముప్పై ముగ్గురు. ఆ ముప్పై ముగ్గురికీ చాలన్న తరువాతే చివరి గరిటె పడింది. ఒక అమ్మాయి తెలివిగా పళ్లెం వెనక్కి లాక్కుంది. సాలమ్మ గరిటె బల్ల దాటి దాన్ని వెంటాడి పట్టుకుంది. ఎవరూ వద్దని గట్టిగా అనడం లేదు. వెనుక వరుస తోస్తోంది, ముందు కూర ఉంది, నవ్వేసి కదిలిపోతున్నారు.

నా పక్కన అత్తమ్మ చాలాసేపు చూసి, మెచ్చుకోలుగా తలూపారు. "మంచి చెయ్యి" అన్నారు.

రద్దీ కొంచెం తగ్గినప్పుడు నేను సాలమ్మతో మెల్లగా మాట్లాడాను. నేను అశ్రిత వాళ్లమ్మనని చెప్పగానే ఆమె సంతోషపడింది. గీతలు చూపించి, ఆ మూడో గరిటె డ్రమ్ములోకే పోతోందని చెప్పేసరికి ఆ సంతోషం పోయింది. పని పోతుందన్న భయం కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ నొప్పించినట్టు కనిపించింది.

"సాలంగనే ఆపుడు నా చేతికి రాదక్కా" అంది. "మా ఇండ్లల్ల ఎవ్వలం ఆపం. మొదటిసారి సాలంటె సిగ్గుకంటరు, ఆపితె ఆకలితోని లేస్తరు. పొద్దున ఏడింటికి తిని వచ్చిన పోరగాండ్లు. తక్కువ పెట్టి పంపిన పాపం నాకొద్దు."

ఆమె అన్నదాంట్లోనూ నిజం ఉంది. నా గీతల్లో మిగిలిన ఏడుగురు ఉన్నారు కదా. వాళ్లు చాలనలేదు. పైగా ఇంకా పెట్టమన్నారు. హాస్టల్లో ఉండే పొడుగాటి పిల్లవాడొకడు నాలుగు గరిటెలు పెట్టించుకున్నాడు. ఎందుకంత అని అడిగితే, మళ్లీ కావాలంటే వరుస చివర నిలబడాలనీ, అప్పటికి క్లాసు గంట కొడతారనీ చెప్పాడు. అతనూ సగం పారేశాడు. చెయ్యి ఆపమంటే ఆకలిగొన్నవాడు నష్టపోతాడు, ఆపకపోతే డ్రమ్ము నిండుతుంది.

ఏం చేయాలో తోచక అత్తమ్మను డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయాను. ఆమె పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వంగి చూశారు. ఎంతసేపు చూశారంటే, పళ్లేలు పట్టుకుని వచ్చిన పిల్లలు ఆ ముసలామె ముందు వంచలేక వెనుక నిలబడిపోయారు.

"ముట్టనన్న ముట్టలే" అన్నారు చివరికి.

అక్కడి నుంచి నేరుగా సాలమ్మ దగ్గరికి నడిచారు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడిగారు. సాలమ్మ చెప్పింది. వాళ్ల మేనత్తను మచ్చ బొల్లారంలో ఎవరింటికి ఇచ్చారనేదాకా పోయింది ఆ మాట. వరుస ఆగిపోయి పిల్లలు మెడలు సాచి వింటున్నారు. అప్పుడు అత్తమ్మ అసలు సంగతి ఎత్తారు.

"చెయ్యి మంచిదే బిడ్డా. పెట్టే యాళ్ల మంచిగలేదు. బంతిల ఎవ్వలన్న మొదలే కుప్ప పోస్తరా? సాలన్నకాడికి పెట్టి ఇడువాలె. వాళ్లు కూసొని తింటుంటె ఎనుక బకీటు పట్టుకొని తిరుగాలె. ఆకలున్నోడు నెత్తి లేపి సూస్తడు. లేనోడు వంచుకుంటడు. గప్పుడు పెట్టు, ఎంతన్న పెట్టు."

సాలమ్మ గరిటె పట్టుకుని ఆలోచించింది. "తిరిగేటోళ్లు ఎవ్వలున్నరవ్వా?"

ఆ సమయానికి మెస్ మేనేజరు ఎల్లేష్ వచ్చాడు. వడ్డించేవాళ్లు బల్ల వదిలి పోకూడదని, అట్లాంటి పద్ధతి లేదని, బయటివాళ్లు లోపల గరిటె ముట్టకూడదని మర్యాదగానే చెప్పాడు. అత్తమ్మ అతను చెప్పిందంతా విన్నారు. చేతులు కడుక్కున్నారు. సాలమ్మ దగ్గర ఇంకో గుడ్డ టోపీ అడిగి తీసుకుని, కొత్త చీర కొంగు నడుముకు చెక్కి, సగం బకీటు అన్నం పట్టుకున్నారు. నేల తడిగా ఉంది, జారిపడితే తనమీదికి వస్తుందని ఎల్లేష్ బతిమాలాడు.

"నేను పడను. నువ్వు జర అడ్డం జరుగు" అన్నారు.

సాలమ్మ చేతికి ఆ రోజు పెద్ద పరీక్షే అయింది. తరువాత వచ్చిన పిల్లవాడు చాలు అనగానే, అన్నంతో నిండిన గరిటె పళ్లెం మీద గాలిలో ఆగిపోయింది. వాడు వెళ్లాడా లేదా చూసి, దాన్ని మళ్లీ పాత్రలో దించింది. ఆ తరువాతి ఇద్దరికి ఆగలేక పెట్టేసింది. పదో పళ్లెం దాటాక చెయ్యి కుదురుకుంది.

బల్లల మధ్య మొదట అంతా అయోమయమే. డెబ్బై ఒక్క ఏళ్ల ఆమె బకీటుతో వెనుక నిలబడితే ఏం చేయాలో పిల్లలకు తెలియలేదు. కొందరు లేచి నిలబడ్డారు. ఒక అబ్బాయి బకీటు తాను మోస్తానని వెంటపడ్డాడు. అత్తమ్మ ఎవరినీ ఏమీ అడగకుండా, తొందరపడకుండా నడిచారు. నిజంగానే ఒకడు తల పైకెత్తాడు. అతనికి పెట్టారు. ఇంకోవైపు నుంచి అవ్వా అని పిలుపు వచ్చింది. తరువాత మూడు వైపుల నుంచి వచ్చింది. నాలుగు గరిటెల పిల్లవాడిలాంటి ఇంకో హాస్టల్ అబ్బాయికి మళ్లీ రెండు పెట్టి, మెల్లగా తినమని, తాను ఎటూ పోవడం లేదని చెప్పారు. డైటింగ్ చేస్తున్నానన్న ఒక అమ్మాయి పక్కన మాత్రం ఆగి, గాలి వస్తే పడిపోయేట్టున్నావు, నీకేం డైటింగ్ అని నవ్వించి, ఏమీ పెట్టకుండానే ముందుకు పోయారు. ఆమె పెట్టకుండా ముందుకు పోవడం నేను చూడడం అదే మొదటిసారి.

రెండు గంటలకు అశ్రితా, వర్షా పరీక్ష ముగించుకుని వచ్చారు. తలుపు దగ్గరే ఆగిపోయారు. గుడ్డ టోపీతో, బకీటుతో అవ్వ ఎదురొచ్చారు. ఇద్దరికీ పది రోజులుగా మాటలు లేవు. అత్తమ్మే ముందు మాట్లాడారు, ఆకలైతాందా అని. అయితాందవ్వా అంది పిల్ల. కూర్చుంది. అత్తమ్మ ఒక గరిటె పెట్టి ఆగారు. అశ్రిత తల ఎత్తి చూసింది. ఇంకోటి పెట్టారు.

నేను వర్షకు గీతలున్న పేజీ చూపించాను. వాళ్లది కాకినాడ వైపు, మా కాలనీలోనే ఉంటారు. ఆ పిల్ల రెండుసార్లు చదివి నెత్తి మీద పుస్తకంతో కొట్టుకుంది.

"మేము డ్రమ్ములోకి ఎప్పుడూ చూడనేలేదండీ ఆంటీ. తూచామంతే" అంది.

ఆ రోజు డెబ్బై ఒక్క కిలోలు. సగం భోజనాలు అయ్యాక మొదలుపెట్టిన పనికి అది తక్కువేం కాదు. గురువారం మొదటి నుంచీ చేశాం. సాలమ్మ తనవాళ్లలో ఇద్దరిని బకీట్లతో పంపింది. ఎల్లేష్ చూడనట్టు తన లెక్కల పుస్తకం తిరగేశాడు. అత్తమ్మ వాళ్లకు నడక నేర్పారు. బకీటు నిండుగా తీసుకుపోకూడదని, ఎవరి ముందూ మూడు లెక్కపెట్టేంత కన్నా ఎక్కువ నిలబడకూడదని, నిలబడితే మొహమాటానికి పెట్టించుకుంటారని చెప్పారు. ఇంత తెలిసిన మనిషి మా ఇంట్లో ఇన్నాళ్లూ ఎందుకు ఆగలేదో నేనడగలేదు. ఆ రోజు యాభై ఐదు కిలోలు.

శుక్రవారం రిజిస్ట్రారు మనుషులు ఇద్దరు వచ్చారు. వచ్చీ రాగానే పూలకుండీలు తవ్వి చూశారు. అశ్రిత దానికేమీ అనుకోలేదు. తానే గన్నేరు కుండీ వంచి చూపించింది. ఆ రోజు వంట టమాటా పప్పు, వంకాయ కూర, పెరుగు. నాకు వంకాయ మీద నమ్మకం లేదు, పిల్లలు ఏరి పారేస్తారు. వంటవాళ్లతో పొద్దున్నే మాట్లాడి ముక్కలు సన్నగా తరిగించాను. భోజనాలు ముగిశాక డ్రమ్ములు ఒక్కొక్కటే యంత్రం మీదికి ఎక్కించారు. పన్నెండు మంది ఆడవాళ్లు వంటశాల తలుపులో గుంపుగా నిలబడ్డారు. మూడో డ్రమ్ము దించేసరికి అశ్రిత నా భుజం మీద గోళ్లు దించింది. మొత్తం కూడితే నలభై నాలుగు కిలోల మూడు వందల గ్రాములు.

సాలమ్మ టోపీ తీసి దాంతో మొహం తుడుచుకుంది.

అయితే వంటశాల నిలిచిందని అప్పుడే అనడానికి లేదు. రిజిస్ట్రారు చదువుకున్నవాడు, తెలివైనవాడు. ఈ మూడు రోజులు ఇద్దరు పెద్దవాళ్లు దగ్గరుండి చూశారు కాబట్టి జరిగింది, పిల్లలకు మళ్లీ పరీక్షలు వస్తాయి, సెలవులు వస్తాయి, అప్పుడెవరు చూస్తారని అడిగాడు. తల్లిదండ్రుల తరఫున ఒకరు ఈ ఏడాదంతా రోజూ మధ్యాహ్నం వచ్చి వడ్డన దగ్గరుంటానని సోమవారం లోపల పేరు ఇస్తే వంటశాల ఉంటుంది. లేకపోతే డబ్బాలే.

శనివారమంతా అశ్రిత ఫోన్లు చేసింది. వర్ష వాళ్లమ్మ బ్యాంకులో పనిచేస్తుంది. ఒకరికి షాపు, ఒకరికి ఇంట్లో మంచం పట్టిన మనిషి. కొందరు పిల్లలను చదువుకోవడానికి పంపామా, గిన్నెలు చూడ్డానికా అని అడిగారు. దాని జాబితాలో పేర్లన్నీ కొట్టేసి ఉన్నాయి. నన్ను మాత్రం అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

మా ఆయన ప్లాట్ల వ్యాపారం చేస్తారు. మేడ్చల్ వైపు ఒక వెంచర్, శామీర్‌పేట దగ్గర ఒకటి. చూడడానికి వచ్చినవాళ్లను తిన్నగా ఇంటికే తీసుకొచ్చి భోజనం పెట్టించడం ఆయన పద్ధతి. ఇంటి అన్నం తిన్నవాడు మన మాట నమ్ముతాడంటారు. వారంలో నాలుగు రోజులు మా బల్ల మీద నాకు పేర్లు తెలియని మనుషులుంటారు. దానికి తోడు వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని కొంత ఆలోచన. శుక్రవారం సంగతి విని సంతోషించారు. కూతురికి బిర్యానీ తెచ్చారు. నెలల తరబడి పోయే మాట వచ్చినప్పుడు మాత్రం, జనార్ధన్ పెండ్లాం కాలేజీ మెస్‌లో గంటె పట్టుకుని నిలబడ్డదని నలుగురూ అనుకుంటారని నాతో మెల్లగా అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకు ఆ నలుగురు ఎప్పుడూ కళ్ల ముందే ఉంటారు.

నేను ఆ రాత్రి పడుకోబోయే ముందు ఒక్క సంగతి ఆలోచించాను. ఆ మూడు రోజులు నేను గీసిన గీతలు, తరిగించిన వంకాయలు నాకు ఎంత స్పష్టంగా గుర్తున్నాయో, అంతకుముందు మూడు నెలలు అంత గుర్తు లేవు. తరువాత హాయిగా నిద్ర పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం కలిసి కూర్చున్నాం. కోడికూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. అశ్రిత రొట్టె తుంచుతోంది గానీ తినడం లేదు. సాలమ్మ పొద్దున్నుంచీ రెండుసార్లు ఫోన్ చేసిందట, ఎత్తలేకపోయిందట. రేపు వాళ్లకు ఏం చెప్పాలో బాపునే అడిగింది. ఎవరో ఒకరు దొరుకుతారులే, సాయంత్రం తనకు తెలిసినవాళ్లకు చెప్పి చూస్తానని ఆయన ఓదార్చారు. ఆ తెలిసినవాళ్ల పేర్లు వరుసగా చెబుతుంటే నేను పచ్చిపులుసు గిన్నె బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

"ఎవ్వలకు చెప్పకండ్రి. నా పేరు పొద్దున్నే పంపిన" అన్నాను. "రేపటి సంది పదకొండింటికి పోత, మూడింటికి వస్త. ఏడాదంతా."

అశ్రిత రొట్టె కింద పెట్టేసింది. మా ఆయన నావైపు, వాళ్లమ్మవైపు, మళ్లీ నావైపు చూశారు. పెరుగు అడగబోయి ఆగారు. రేపు కొంపల్లి నుంచి ఐదుగురు వస్తున్నారని, వాళ్లకు అన్నం ఎవరు పెడతారని అడిగారు.

"వండి పెట్టి పోత. కంచాలు బల్ల మీదనే ఉంటయ్. పెట్టుకునుడు మీకు రాదా?"

అత్తమ్మ ఎముక పక్కన పెట్టి చెయ్యి దులుపుకున్నారు.

"వానికెక్కడ వస్తదే? రేపొక్కనాడు నేనుండి నేర్పుత" అన్నారు. "మంగళారం సంది నేను గూడ పోత."